చుక్కాని ఎవరి చేతిలో ఉంది

గ్రీకు దీవిలోని నీద్రి రేవులో శనివారం పొద్దున ఎవరికీ ఊపిరి సలపదు. వారమంతా సముద్రం మీద తిరిగిన అద్దె పడవలు ముందురోజు సాయంత్రానికే వచ్చి గట్టుకు వరసగా కట్టి ఉంటాయి. పాతవాళ్ళు దిగాలి, పక్కగుడ్డలు మార్చాలి, తొట్లలో మంచినీళ్ళు నింపాలి, కొత్తవాళ్ళు ఎక్కాలి. అంత హడావిడిలోనూ కెప్టెన్ మేమోస్ ఒక్క పని మాత్రం మరిచేవాడు కాదు. పడవ లోపలికి దిగి, మెట్ల పక్కనున్న, నావికులను కాచే పునీత నికోలాస్ పటం ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకునేవాడు. "స్వామీ, వీళ్ళకి సముద్రం తెలీదు. నాకు తెలుసని నమ్మి ఎక్కారు. నాకు తెలియనిది నువ్వు చూసుకో." ఇంతే ఆయన ప్రార్థన. ఏ ఏడూ ఒక్క ముక్క పెరగలేదు, తగ్గలేదు.

అసలు పేరు గెరాసిమోస్. ఆ పేరుతో పిలిచేది గుళ్ళో గురువు పాపా థోడొరోస్ ఒక్కరే. పడుచుతనంలో సరుకు ఓడల మీద దేశాలు తిరిగి, ఇల్లు గుర్తొచ్చి తిరిగి వచ్చేశాడు. జొయీత్సాను చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. విదేశాలవాళ్ళు సెలవులకొచ్చి తెరచాప పడవలు అద్దెకు తీసుకోవడం మొదలైనప్పటి నుంచీ 'గలీని' అనే పడవకు ఆయనే కెప్టెన్. పడవ యజమాని కల్లినికోస్ గారు ఏథెన్స్‌లో ఉంటారు, ఏడాదికి ఒకసారి వచ్చి కాఫీ తాగి వెళ్తారు. గలీని ఎవరిదని రేవులో ఎవర్నడిగినా మేమోస్‌దనే చెప్పేవారు.

మొదటి రాత్రి భోజనానికి జొయీత్సా పాలకూర పొరల రొట్టె చేసి గుడ్డలో చుట్టి ఇచ్చేది. "కొత్త మనుషులు, కొత్త నీళ్ళు. మొదటి పూటైనా ఇంటి తిండి తిననీ" అనేది. కస్తోస్ దీవి మీదుగా వెళ్ళేటప్పుడు అక్కడి ముసలమ్మకు నీద్రి నుంచి మందులు పట్టుకెళ్ళి ఇచ్చేవాడు మేమోస్. ఆమె బదులుగా గుప్పెడు అత్తిపళ్ళు పడవలోకి విసిరేది. ప్రయాణికులకు ఆ అత్తిపళ్ళే బాగా గుర్తుండిపోయేవి.

ఆర్సెనిస్ ఆయన జ్ఞానపుత్రుడు. పక్కింటివాళ్ళ బిడ్డ. ఆ బిడ్డకి జ్ఞానస్నానం చేయించిన రోజున మేమోస్ వాణ్ణి ఎత్తుకుని గుళ్ళో పడమటి వైపు తిరిగి నిలబడ్డాడు. సైతానును విడిచిపెడుతున్నావా అని పాపా థోడొరోస్ అడుగుతారు. అడిగేది బిడ్డని. బిడ్డకు నోరు లేదు కనుక జ్ఞానతండ్రి జవాబు చెప్పాలి. "విడిచిపెడుతున్నాను" అని మేమోస్ గట్టిగా చెప్పాడు. విశ్వాస ప్రమాణం తడబడుతూ చదివాడు. ఆ తర్వాత ఒళ్ళంతా ఆలివ్ నూనె పూసిన పసివాడు చేతుల్లోంచి చేపలా జారిపోతుంటే గుండెకు అదుముకున్నాడు. అప్పటి నుంచి ప్రతి ఈస్టరుకీ వాడికి కొత్త కొవ్వొత్తి, కొత్త బూట్లు కొనిపెట్టింది ఆయనే. తాడు ముడి వేయడం నేర్పింది ఆయనే. పెద్దయ్యాక గలీనిలో సాయానికి పెట్టుకుని, కెప్టెన్ పరీక్షకు కూర్చోబెట్టిందీ ఆయనే. వాడు పరీక్ష గట్టెక్కాడు. వచ్చే వసంతానికి రెండో పడవ కొని వాడికి అప్పగిస్తానని కల్లినికోస్ గారు మాటిచ్చారు. ఖ్రిస్సూలా అనే పిల్లతో పెళ్ళి కూడా నిశ్చయమైంది.

ఆ ఆగస్టులో పడవ ఎక్కింది డచ్చి కుటుంబం. కొడుకు, కోడలు, పిల్లలు, ఒక నాయనమ్మ. మధ్యాహ్నం దాటాక రోజూ వచ్చే వాయువ్యపు గాలి మొదలైంది. తెరచాప నిండింది. ఆర్సెనిస్ చుక్కాని చక్రం దగ్గర నిలబడ్డాడు.

"చక్రాన్ని అలా పిండి పిసికినట్టు పిసక్కురా. పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో" అన్నాడు మేమోస్.

"నోనా చెయ్యి నువ్వలాగే పట్టుకున్నావా, నోనే?" అన్నాడు ఆర్సెనిస్. జ్ఞానతండ్రి కనుక వాడికి మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఆయన నోనే, ఆయన భార్య జొయీత్సా నోనా.

"ఎక్కడ పట్టుకోనిచ్చింది! చెయ్యి చాపితే చేతిలో అంట్ల పళ్ళెం పెట్టింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో నాయనమ్మకు కడుపులో తిప్పుతోందని కోడలు సైగ చేసింది. నిమ్మకాయ నీళ్ళు కాచి ఇద్దామని మేమోస్ లోపలికి దిగాడు. దిగుతూ, "సన్యాసినికి బయటివైపు నుంచే పో. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు, నీళ్ళలో ఏమీ కనపడదు" అన్నాడు.

సన్యాసిని అంటే మెగనీసి దీవి ఒడ్డున నీళ్ళ కింద దాగిన నల్లటి బండ. పొద్దున పూట పైనుంచి నీడలా కనబడుతుంది. మధ్యాహ్నం ఎండ నీళ్ళ మీద మెరిస్తే ఇక దాని జాడే తెలియదు. అందుకని మధ్యాహ్నం దాటితే ఊరివాళ్ళెవరూ దానికీ ఒడ్డుకూ మధ్య నుంచి పోరు. కానీ పక్కన ఇంకో అద్దె పడవ వస్తోంది, దాని కెప్టెన్ ఆర్సెనిస్ స్నేహితుడు. ఆ మలుపు అవతలి చిన్న అఖాతంలో లంగరు వేయడానికి మంచి చోటు ఒక్కటే. ఎవరు ముందు చేరితే వాళ్ళది. ఆ స్నేహితుడు చెయ్యి ఊపి వెక్కిరించాడు. ఆర్సెనిస్ పడవను బండకు లోపలి వైపు నుంచి, ఒడ్డు పక్కగా అడ్డదారికి తిప్పాడు.

స్టవ్ మీది గిన్నె ఎగిరి మేమోస్ కాళ్ళ మీద పడింది. ముందు ఆ మంట తెలిసింది, ఆ తర్వాతే చప్పుడు చెవికెక్కింది. పైకి వచ్చేసరికి పడవ ఒరిగి ఉంది, పిల్లలు కెవ్వున ఏడుస్తున్నారు, నాయనమ్మ బల్ల మీదనుంచి పడి మణికట్టు పట్టుకుని ఉంది. ఆర్సెనిస్ చక్రం వదిలేసి నిలువునా బిగుసుకుపోయాడు. మేమోస్ తెరచాప దించాడు. అందర్నీ ఒక పక్కకు కూర్చోబెట్టి పడవను ఒరిగించాడు. అల లేచినప్పుడు ఇంజను వెనక్కి తిప్పి మెల్లగా బండ మీదనుంచి జార్చాడు. నీళ్ళు లోపలికి రాలేదు. నాయనమ్మ చేతికి తన తలగుడ్డ చింపి కట్టు కట్టి, "అమ్మా, క్షమించు" అన్నాడు. ఆమెకు భాష రాదు, అయినా ఆ చేత్తోనే ఆయన చెంప నిమిరింది.

నీద్రికి తిరిగి వస్తుంటే ఆర్సెనిస్ పక్కన చేరాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అయిపోయింది నోనే. రెండో పడవ పోయింది. ఖ్రిస్సూలా నాన్న నన్ను గడప తొక్కనివ్వడు. సన్యాసిని మీద ఎక్కించానని పేరొస్తే నాకింక ఎవడు పడవిస్తాడు?"

మేమోస్ నీళ్ళ వైపు చూస్తూ ఉన్నాడు. తన పేరు పాతది, ఒక గీత పడితే తట్టుకుంటుంది. వాడి పేరు ఇప్పుడే మొదలవుతోంది. ఆయనకు తోచిన లెక్క అది.

"జ్ఞానస్నానం నాడు నీ తరఫున జవాబు చెప్పింది ఎవరు?"

"నువ్వే."

"అయితే ఇవాళ కూడా నేనే చెప్తాను. నువ్వు నోరు తెరవకు."

గట్టు మీద రేవు అధికారి లెకాస్ నిలబడి ఉన్నాడు. నెమ్మదస్తుడు. మేమోస్ ఎదట పెరిగినవాడు.

"కెప్టెన్, చుక్కాని ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలో."

లెకాస్ ఆయన మొహంలోకి చూశాడు. "మళ్ళీ అడుగుతున్నాను. ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనే నాయనా."

"సన్యాసిని మీదికా? మీరా? ఎలా?"

మేమోస్ దాని గురించి ముందుగా ఆలోచించుకోలేదు. "సముద్రం కదా" అన్నాడు. డచ్చి కొడుకు కొంచెం దూరంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. గ్రీకు రాకపోయినా ఏదో గ్రహించినట్టున్నాడు. వెళ్ళేటప్పుడు మేమోస్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికొచ్చి జొయీత్సాకు ఒక్కదానికే నిజం చెప్పాడు.

"అధికారి ముందు అబద్ధమా? వాడు అడిగాడా నిన్ను?"

"ఏడ్చాడు."

"ఏడిస్తే అడిగినట్టే" అంది ఆమె. "సరే. ఊళ్ళో నేను నోరెత్తను. దేవుడికి మాత్రం నువ్వే చెప్పుకో" అంది.

సీజను అయిపోయింది. గలీనిని ఒడ్డుకెక్కించి అడుగు బాగుచేశారు. చలికాలం వచ్చింది. రేవులో కుర్రాళ్ళు సన్యాసిని పేరెత్తి మేమోస్‌ని ఆటపట్టించేవారు, ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆర్సెనిస్ ఇంటికి రావడం తగ్గింది. పెళ్ళి పనులు కదా అనుకున్నాడు.

ఆ తర్వాత ఊరు ఆయన మీద జాలి చూపడం మొదలుపెట్టింది.

ముందు గుడి మెట్ల దగ్గర ఎవరో మోచెయ్యి పట్టుకుని ఎక్కించారు. వయసుకు ఇచ్చే మర్యాద అనుకున్నాడు. కొట్టువాడు చిల్లరను ఒక్కో నాణెంగా అరచేతిలో పెట్టి అది ఎంతో చెప్పి ఇచ్చాడు. ఎదురింటి ఆవిడ రోడ్డు దాటిస్తానంది. మంచి మనుషులు, దేవుడు చల్లగా చూడాలి అనుకున్నాడు మేమోస్. మార్చిలో మంగళవార్త పండగ రోజున మరియాంతి హోటలుకి వెళ్ళాడు. ఆ రోజు ఊరంతా వేయించిన ఉప్పుచేపా వెల్లుల్లి ముద్దా తింటుంది. మరియాంతి పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టకుండా, పక్కన కూర్చుని చేపలోంచి ముళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా ఇది? నేనేమైనా పసివాణ్ణా?"

"ముల్లు కనబడదేమోనని, కెప్టెన్."

"ఎందుకు కనబడదు?"

మరియాంతి చేతులు ఆగిపోయాయి. "మీ కళ్ళు... నిరుడు వేసవి నుంచీ మసకేశాయట కదా. నా దగ్గర దాచడమెందుకు? మా నాన్నకీ అలాగే అయింది."

"ఎవరన్నారు?"

"ఆర్సెనిస్ కల్లినికోస్ గారితో చెబుతుంటే ఈ బల్ల దగ్గరే విన్నాను. ఇంతకుముందే రెండుసార్లు పడవ బండ మీదికి పోబోతే వాడే కాచాడట. నోనే మనసు నొచ్చుకుంటుందని ఎవరికీ చెప్పలేదట. చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంచి పిల్లాడు. మీరు వాణ్ణి బాగా పెంచారు."

మేమోస్ ముళ్ళు తీసిన ఆ చేపను పూర్తిగా తిన్నాడు. ఆమె అంత ప్రేమగా ఏరి పెట్టింది, వదిలేస్తే బాధపడుతుంది. తిన్నదేదీ రుచి తెలియలేదు.

జొయీత్సాకు చెప్పలేదు. మరియాంతి ఏదో తప్పుగా విని ఉంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఈస్టరుకి ఆర్సెనిస్ ఆయన చెయ్యి ముద్దుపెట్టుకోవడానికి రాలేదు, ఫోన్ చేశాడు. మే నెల మొదటి శనివారం మేమోస్ ఎప్పటిలా సంచి భుజాన వేసుకుని, జొయీత్సా ఇచ్చిన రొట్టె చేత్తో పట్టుకుని రేవుకు వెళ్ళాడు. గలీని మీద ఆర్సెనిస్ ఉన్నాడు. కొత్త సహాయకుడు ఒకడు తాళ్ళు చుడుతున్నాడు.

"నోనే! నువ్వెందుకొచ్చావు? కల్లినికోస్ గారు ఫోన్ చేయలేదా?"

"దేనికి?"

ఆర్సెనిస్ గట్టు మీదికి దూకి ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "రెండో పడవ కొనడం లేదట. గలీనిని నాకిచ్చారు. నువ్వు చాలా కష్టపడ్డావు, ఇంక విశ్రాంతి తీసుకో."

"నా కళ్ళు పోయాయని చెప్పావా?"

ఆర్సెనిస్ చుట్టూ చూశాడు. "మెల్లగా. నన్నేం చేయమంటావు? ఆయన అడిగాడు. మేమోస్ అంతటివాడు తెలిసిన బండ మీదికి ఎలా ఎక్కించాడు అని. తాగి ఉన్నాడా అని అడిగాడు! తాగావని చెప్పనా? ఏదో ఒక కారణం చెప్పాలి కదా, నోనే. కళ్ళంటే గౌరవంగా ఉంటుందనుకున్నాను."

"నిజం చెప్పొచ్చుగా."

"నువ్వు వద్దన్నావుగా" అన్నాడు వాడు. ఆ మాట అంటూ నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "నోరు తెరవకు అన్నావు."

మేమోస్‌కి అప్పుడు అర్థమైంది. తను ఆ రోజు అబద్ధంలో సగమే చెప్పి వచ్చాడు. మిగిలిన సగాన్ని వీడు తనకు పనికొచ్చేలా పూరించుకున్నాడు.

"ఇంకోటి, నోనే. నువ్వు బాధపడకూడదు. సెప్టెంబరులో పెళ్ళి. కిరీటాలు తనే మారుస్తానన్నారు కల్లినికోస్ గారు. కాదనలేకపోయాను."

పెళ్ళిలో వధూవరుల తలల మీద పూలకిరీటాలు మార్చేది జ్ఞానతండ్రే. ఆ కిరీటాలను నిరుడే ఎంచి ఇంట్లో పటాల పెట్టెలో దాచింది జొయీత్సా. మేమోస్ చేతిలోని రొట్టె వైపు చూసుకున్నాడు. దాన్ని కొత్త సహాయకుడికి అందించి, "ఇవాళ ఎక్కేవాళ్ళకి పెట్టు బాబూ. మొదటి రాత్రికి" అని చెప్పి వెనక్కి తిరిగాడు.

ఆ రోజంతా గుళ్ళో కూర్చున్నాడు. పాపా థోడొరోస్ దీపాల్లో నూనె పోయడం అయ్యాక వచ్చి పక్కన కూర్చున్నారు. చేసిన తప్పు గురువు ముందు ఒప్పుకునే పాప సంకీర్తనంలో మేమోస్ మొత్తం చెప్పేశాడు. చెప్పి, "జ్ఞానస్నానం నాడు చెప్పినట్టే చెప్పాను తండ్రీ. అది తప్పా?" అని అడిగాడు.

"ఆ రోజు వాడికి నోరు లేదు గెరాసిమోస్. అందుకని నువ్వు చెప్పావు. ఇప్పుడు ఉంది, చూస్తున్నావుగా ఎంత బాగా మాట్లాడుతున్నాడో" అన్నారు ముసలి గురువు. ఆయన గొంతులో కోపం లేదు. "వాడి పాపం వాడిది. దాని లెక్క నీ దగ్గర అడగరు. నువ్వు చెప్పిన అబద్ధం మాత్రం నీది. అది వెళ్ళి దించుకో."

"నన్ను నమ్ముతారా?"

"నమ్మించే పని నీకు ఒప్పజెప్పలేదు."

గలీని మొదటి వారం తిరిగి రేవులో కట్టిన మర్నాడు మేమోస్ గడ్డం గీసుకుని, ఆదివారపు చొక్కా తొడుక్కుని లెకాస్ గదికి వెళ్ళాడు. "నిరుడు నీకు అబద్ధం చెప్పాను నాయనా. ఆ రోజు చుక్కాని నా చేతిలో లేదు. నేను లోపల నిమ్మకాయ నీళ్ళు కాస్తున్నాను."

లెకాస్ కలం కింద పెట్టాడు. "మరి ఎవరి చేతిలో ఉంది?"

"వాణ్ణే పిలిచి అడుగు."

కిటికీలోంచి కేకేస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాడు ఆర్సెనిస్. వచ్చాడు. మేమోస్‌ని చూడగానే వాడి అడుగు తడబడింది.

"ఆర్సెనిస్, సన్యాసిని మీద పడవ ఎక్కిన రోజు చుక్కాని ఎవరి చేతిలో ఉంది?"

వాడు మేమోస్ వైపు తిరిగాడు. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు, బడిలో దెబ్బలాడినప్పుడు, పరీక్ష ముందురోజు వాడు ఇలాగే చూసేవాడు. ప్రతిసారీ ఈయనే ఏదో ఒకటి అనేవాడు. ఇవాళ కూడా మాట నాలుక చివరిదాకా వచ్చింది. దవడ బిగించి కూర్చున్నాడు. వాడు చెబుతాడని ఆయన నమ్మకం. తన చేతుల్లో పెరిగిన పిల్లవాడు, తన మొహంలోకి చూస్తూ ఇంకోలా చెప్పలేడని నమ్మకం.

"నోనే చేతిలోనే ఉంది" అన్నాడు ఆర్సెనిస్. "ఆయనే చెప్పారు కదండీ అప్పుడు." ఆ తర్వాత గొంతు తగ్గించి, అయినా గదంతా వినబడేలా, "ఈ మధ్య ఆయనకి సరిగా గుర్తుండటం లేదు. మీరేమీ అనుకోకండి" అన్నాడు.

లెకాస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి కళ్ళు దించుకున్నాడు. "కెప్టెన్, అప్పుడు మీరే ఆ మాట అన్నారు, ఇప్పుడు వీడూ అదే అంటున్నాడు. ఆ డచ్చివాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, వేరే సాక్షి లేడు. నేనేం చేయను?"

"నీ తప్పేం లేదు నాయనా. చెప్పాల్సింది చెప్పాను" అని మేమోస్ లేచాడు. లెకాస్ పరుగున వచ్చి తలుపు తీశాడు, మెట్ల దగ్గర ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. నమ్మి పట్టుకున్నాడో నమ్మక పట్టుకున్నాడో తెలియదు. మేమోస్ ఆ చేతిని మెల్లగా విడిపించుకుని, "మెట్లు కనబడుతున్నాయి" అన్నాడు.

ఇంటికి వెళ్ళి జొయీత్సాకు అంతా చెప్పాడు, కిరీటాల సంగతి కూడా. ఆమె వాణ్ణి తిట్టలేదు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. పప్పు వడ్డించి, అందులో నూనె పోసి, ఎదురుగా కూర్చుంది. "నువ్వు చెప్పి వచ్చావు కదా" అంది. "ఇంక తిను."

జూన్‌లో ఒక సాయంత్రం పక్కగాలి గట్టిగా కొడుతోంది. మేమోస్ గట్టు మీద నడుస్తుండగా గలీని వచ్చింది. పడవ వెనుకభాగం గట్టువైపు తిప్పుకుని వస్తుంటే గాలి దాన్ని పక్క పడవల మీదికి తోస్తోంది. ప్రయాణికులు భయపడి అరుస్తున్నారు. రేవులో ఇంకెవరూ లేరు. వచ్చే పడవ తాడును గట్టు మీద ఉన్నవాడు అందుకోవాలి. మిత్రుడి పడవైనా, పడనివాడి పడవైనా ఒకటే.

"తాడు!" అన్నాడు మేమోస్.

ఆర్సెనిస్ విసిరాడు. గాలికి అది పక్కకు పోయింది. మేమోస్ రెండడుగులు వేసి గాల్లోనే అందుకుని, గుంజకు రెండు చుట్లు చుట్టి లాగాడు. పడవ నిలిచింది. రెండో తాడూ అందుకుని కట్టాడు. పడవ మీదివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆర్సెనిస్ మొహం ఎర్రబడింది. ప్రయాణికుల వైపు ఒకసారి చూసి, నవ్వు తెచ్చుకుని, అందరికీ వినబడేలా, "జాగ్రత్త నోనే! గట్టు అంచున ఉన్నావు, చూసుకో" అన్నాడు.

మేమోస్ వంగి ముడి సరిగా పడిందో లేదో చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నన్ను మేమోస్ అని పిలు" అన్నాడు. "రేవులో అందరూ అలాగే పిలుస్తారు."

ఆర్సెనిస్ ఏదో అనబోయాడు. ఆయన వినడానికి ఆగలేదు. గట్టు అంచు వెంబడే, ఎప్పుడూ నడిచే నడకతో, ఇంటి వైపు వెళ్ళిపోయాడు.